ఎయిర్ రైఫిల్: మొత్తంగా కొనాలా, భాగాలు తెచ్చి బిగించుకోవాలా?

ఏటా జూన్‌లో, బళ్ళు తెరిచే రోజుల్లో, మా షూటింగ్ రేంజ్‌కి ఒకే ప్రశ్న వస్తుంది. "అన్నా, బాబుకి పది మీటర్ల దూరం పోటీకి ఎయిర్ రైఫిల్ కొందామనుకుంటున్నాం. కొత్తది మా వల్ల కాదు. పాతది ఒకటి దొరికింది, గాలి సిలిండర్ లేదు, గురి చూసే వెనక సైట్ లేదు, స్టాక్ కొంచెం పగిలింది. అవి విడిగా కొని బిగించుకుంటే సగం ధరలో అయిపోదా?"

అవుతుందనే అనిపిస్తుంది. రెండుసార్లు నేనూ అలాగే అనుకుని దిగాను. ఒకసారి గట్టెక్కాను, రెండోసారి చేతులు కాల్చుకున్నాను. ఆ రెండింటికీ తేడా ఎక్కడ వచ్చిందో చెప్తే డబ్బు లెక్కపెట్టుకుని ఈ ఆటలోకి వస్తున్న వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. దీంట్లో పొరపాటు చేస్తే పోయేది డబ్బొక్కటే కాదు. నేను మాట్లాడుతున్నది 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ గురించి. 2016 ఆయుధ నియమాల ప్రకారం గుండు బయటికొచ్చే శక్తి 20 జౌళ్ళు దాటకుండా, బోరు (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లు మించకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. పోటీల్లో వాడే పది మీటర్ల రైఫిల్ శక్తి సుమారు ఏడెనిమిది జౌళ్ళే, కాబట్టి అది ఆ హద్దుకు చాలా కిందనే ఉంటుంది. పాయింట్ టూ టూ లాంటి మందుగుండు రైఫిల్ సంగతి పూర్తిగా వేరు. 1959 ఆయుధ చట్టంలో "ఆయుధం" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే దాని విడి భాగాలు కూడా ఉన్నాయి. లైసెన్స్ లేకుండా ఆ భాగాలు తెచ్చుకోవడం, ఇంట్లో కూర్చుకోవడం, తెలిసిన మెకానిక్‌తో రిపేరు చేయించుకోవడం, అన్నీ నేరాలే. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడి కేంద్ర చట్టం రిసీవర్ అనే మధ్య భాగాన్ని తుపాకీగా లెక్కేస్తుంది, మిగతా భాగాలు చాలావరకు మామూలు సరుకులా కొరియర్‌లో ఇంటికొస్తాయి. అందుకే అక్కడున్న మనవాళ్ళకు విడిగా కొని కూర్చుకోవడం ఒక హాబీలా కనిపిస్తుంది. సెలవులకు వస్తూ అలాంటి భాగం ఒకటి సూట్‌కేసులో పడేసుకుంటే శంషాబాద్‌లో దిగాక అది హాబీ కాదు, కేసు. ఎయిర్ రైఫిల్ భాగాలైనా సరే, విదేశం నుంచి తెప్పించాలంటే దిగుమతి నిబంధనలు తెలిసిన డీలర్ ద్వారానో, రాష్ట్ర రైఫిల్ అసోసియేషన్‌లో కనుక్కునో తెప్పించండి.

ఇక అసలు సంగతి. ఎయిర్ రైఫిల్‌ను నేను రెండు ముక్కలుగా చూస్తాను: గాలిని పట్టి గుండును పంపేవి, ఒంటికి తగిలేవి. సిలిండర్, గాలి ఒత్తిడిని ఒకే స్థాయిలో ఉంచే రెగ్యులేటర్, వాల్వ్, గాలి కారకుండా ఆపే వాటి సీళ్ళు, బ్యారెల్, ట్రిగ్గర్ ఒక వైపు. రైఫిల్‌కి ఒళ్ళులాంటి స్టాక్, బుగ్గ ఆనించే చీక్ పీస్, భుజానికి ఆనే బట్ ప్లేట్, గ్రిప్, బరువులు, సైట్ ఎత్తు పెంచే దిమ్మలు ఇంకో వైపు. మొదటి వైపు దాన్ని ఒకే రైఫిల్‌గా, పనిచేస్తున్న స్థితిలో కొనండి. రెండో వైపు దాన్ని ఎంత కావాలంటే అంత ఇక్కడే చేయించుకోండి, మార్చుకోండి, అరగదీసుకోండి. నేను నష్టపోయింది ఈ గీత దాటే.

లెక్క ఎలా తప్పుతుందో చూడండి. కొత్త రైఫిల్ ధర 100 అనుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు, మీకు వచ్చిన కొటేషన్లు వేసి చూసుకోండి. సిలిండర్, సైట్ లేని పాత యాక్షన్ (బ్యారెల్, వాల్వ్, ట్రిగ్గర్ ఉన్న మధ్య భాగం) 35కి దొరికింది. "అరవై అయిదు మిగిలింది" అనుకుంటాం. కొత్త సిలిండర్ 12. వెనక సైట్ మంచిదైతే 15. సర్దుబాటు చేసుకోగల అల్యూమినియం స్టాక్ 22. సీళ్ళ కిట్, అది వేసినందుకు కూలి 5. గాలి నింపే అడాప్టర్ ఆ మోడల్‌కే సరిపోయేది 3. అప్పటికే 92 అయింది. రవాణా, సుంకం, రెండుసార్లు తిరిగిన చార్జీలు ఇంకా కలపలేదు. దీనికి వారంటీ లేదు. రేపు అమ్మబోతే కొనేవాడు దాన్ని పాత రైఫిల్ ధరకే అడుగుతాడు, మీరు వేసిన కొత్త స్టాక్‌కు రూపాయి కూడా కట్టడు. అదే రైఫిల్ అన్ని భాగాలతో, పనిచేస్తూ 55కో 60కో దొరికి ఉంటే, పైన 8 పెట్టి సీళ్ళు మార్పించి, బట్ ప్లేట్ సర్ది ఊరుకునేవాళ్ళం. విడి భాగం ఎప్పుడూ విడి భాగం ధరకే వస్తుంది. ఒక బైకు మొత్తాన్ని స్పేర్ పార్టుల దుకాణంలో కొని బిగించండి, షోరూం ధరను దాటిపోతుంది. ఇదీ అంతే.

అయినా ఈ ఆటలో ఖర్చు నిజంగానే పెద్దది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చిన మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కోసం తల్లిదండ్రులు స్థిరాస్తి అమ్ముకున్నారని పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. అందరూ అలా అమ్ముకోలేరు, అమ్ముకోవాల్సిన పని కూడా లేదు. మొదటి రెండేళ్ళకు పాత రైఫిల్ చాలు. ఏ పాతది అన్నదే ప్రశ్న.

సిలిండర్ దగ్గర మొదలుపెడతాను, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఇప్పటి పోటీ రైఫిళ్ళలో గాలి 200 బార్ ఒత్తిడిలో ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. అంటే టైరుకు దాదాపు తొంభై రెట్ల ఒత్తిడి పిల్లవాడి ఎడమ చేతి పక్కనే ఉంటుందన్నమాట. ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తర్ లాంటి జర్మన్ తయారీదార్లు తమ అల్యూమినియం సిలిండర్లకు తయారైన తేదీ నుంచి 10 ఏళ్ళ గడువు పెట్టారు. తేదీ సిలిండర్ ఒంటి మీదే చెక్కి ఉంటుంది. గడువు దాటని సిలిండర్ వాడటం షూటర్ బాధ్యతేనని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల్లోనే ఉంది, పరికరాల తనిఖీలో చూడొచ్చు కూడా. అమ్మేవాళ్ళు "రైఫిల్ సూపర్, రెండు సిలిండర్లు ఇస్తున్నాం" అంటారు. రెండూ 2011వి అయితే అవి రెండు సిలిండర్లు కావు, రెండు అల్యూమినియం గొట్టాలు. వంటగ్యాస్ సిలిండర్‌లా హైడ్రో టెస్ట్ చేయించి ముద్ర కొట్టిద్దామని ఒకాయన అన్నాడు. ఈ సిలిండర్లకు తయారీదారు చెప్పేది పరీక్ష కాదు, మార్పు. కాబట్టి బేరం ఆడేటప్పుడే గడువు దాటిన సిలిండర్‌కు సున్నా కట్టి, కొత్తదాని ధర పాత రైఫిల్ ధరకు కలిపి చూడండి. సగం బేరాలు అక్కడే తేలిపోతాయి.

లోకల్‌గా సిలిండర్ చేయించడం, వేరే కంపెనీది మర మార్చి బిగించడం, ఈ రెండు ఆలోచనలూ బుర్రలోకి రానివ్వకండి. బాలానగర్‌లో ఎంత మంచి లేత్ మనిషి అయినా సరే. ఆయన పనితనం మీద అనుమానంతో కాదు, 200 బార్ల దగ్గర ఒక్క మర తేడా వచ్చినా సరిదిద్దుకునే అవకాశం ఉండదని.

సీళ్ళ విషయంలో మాత్రం కొంత వెసులుబాటు ఉంది. చాలా చోట్ల వాడేది మామూలు ఓ-రింగే. రాణిగంజ్‌లో కొలత చెప్తే చేతిలో పెడతారు. అయితే కొలత ఒక్కటే చెప్తే సరిపోదు. ఏ పదార్థం, ఎంత గట్టిదనం అన్నది కూడా చెప్పాలి. నీళ్ళ పంపుల్లో వేసే మెత్తటి రబ్బరు రింగు ఎక్కువ ఒత్తిడికి పక్కనున్న సందులోకి పిండినట్టు దూరి తెగిపోతుంది. మాన్యువల్‌లో 90 షోర్ (గట్టిదనం కొలత) అని ఉంటే 70 షోర్‌ది చవకని తెచ్చుకోవద్దు. సిలిండర్ మూతి దగ్గర, నింపే అడాప్టర్ దగ్గర ఉండే రింగులు బయటివే, అవి మీరే మార్చుకోవచ్చు. రెగ్యులేటర్ లోపలి సీళ్ళు, వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే వాల్వ్ సీటు మాత్రం ఆ మోడల్ కిట్‌తోనే, ఆ పని చేసినవాళ్ళ చేతే మార్పించండి. ఇంకో మాట, సిలిండర్ మర దగ్గర బండికి కొట్టే గ్రీజు, కుట్టు మిషన్ నూనె పొరపాటున కూడా రాయొద్దు. ఎక్కువ ఒత్తిడిలో గాలి ఒక్కసారిగా చొరబడినప్పుడు పెట్రోలియం నూనెలు అంటుకునే ప్రమాదం ఉంది. తయారీదారు చెప్పిన సిలికాన్ గ్రీజు, అదీ వేలికి అంటీ అంటనంత.

నేను చేతులు కాల్చుకున్నది ఇక్కడే. వాల్వ్ సీటు అసలుది రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. జిల్లా పోటీ మూడు వారాల్లో ఉంది. వేరే ఊళ్ళో ఒకాయన నైలాన్ కడ్డీ తిప్పి అచ్చం అలాంటిదే చేసిచ్చాడు. చూడ్డానికి అసలుదానికన్నా నున్నగా ఉంది. మొదటి రోజు బాగానే పేలింది. రెండో రోజు నుంచి ఒక వింత మొదలైంది: వరసగా కొడుతుంటే గుళ్ళు ఒకచోటే పడుతున్నాయి, అయిదు నిమిషాలు ఆగి కొడితే మొదటి గుండు మాత్రం పైకి లేస్తోంది. రెగ్యులేటర్ తర్వాతి గదిలో ఒత్తిడి నెమ్మదిగా పెరుగుతోందని అప్పుడు నాకు తెలియదు. పిల్లవాడి శ్వాసలో తప్పని, వాడి చేతిలో తప్పని మూడు వారాలు వాడి ప్రాణం తీశాం. తీరా పోటీలో సైటర్ల (లెక్కలోకి రాని ముందు గుళ్ళ) తర్వాత కొంచెం ఊపిరి పీల్చుకుని కొట్టిన ప్రతి మొదటి గుండూ తొమ్మిదిలోకి పోయింది. పోయిన డబ్బు సంగతి వదిలేయండి, తప్పు తనదే అనుకుని వాడు పడ్డ టెన్షన్‌కి ఖరీదు కట్టలేను.

అందుకే పాత రైఫిల్ చూడటానికి వెళ్ళినప్పుడు ఈ పరీక్ష తప్పకుండా చేయండి. పది గుళ్ళు వరసగా కొట్టండి. పది నిమిషాలు పక్కన పెట్టండి. మళ్ళీ అయిదు కొట్టండి. మొదటిది మిగతా నాలుగింటికి దూరంగా పడితే రెగ్యులేటర్ పని ఉందని అర్థం. రేంజ్‌లో ఎవరి దగ్గరైనా వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంటే ఇంకా మంచిది. ఈ రైఫిళ్ళు గుండును సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో పంపుతాయి. అంకె గుండుకీ గుండుకీ ఒకటి రెండు మీటర్లు అటూ ఇటూ అయితే ఫరవాలేదు, అయిదారు మీటర్లు ఊగుతుంటే ధర తగ్గించమనండి లేదా వదిలేయండి. వీలైతే రాత్రికి సిలిండర్ బిగించి ఉంచమని, మీటర్ ముల్లు ఎక్కడుందో ఫోటో తీసి పెట్టమని ముందురోజే అడగండి. తెల్లారేసరికి ముల్లు దిగితే గాలి కారుతోందన్నట్టే. ఎక్కడ కారుతోందో సబ్బు నురగ చెప్తుంది, సైకిల్ ట్యూబుకి చేసినట్టే.

ఇక బ్యారెల్. కొత్తవాళ్ళు దీని గురించే ఎక్కువ భయపడతారు, నిజానికి భయపడాల్సిన అవసరం ఇక్కడే తక్కువ. సీసపు గుండు, తక్కువ వేగం, మందుగుండు వేడి లేదు. పోటీ ఎయిర్ రైఫిల్ బ్యారెల్ అరగడం అరుదు. చెడేది తుప్పు వల్ల, మూతి దగ్గర దెబ్బ తగలడం వల్ల, అతిగా శుభ్రం చేసి ఇనుప కడ్డీతో గీరడం వల్ల. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళ నుంచి వచ్చిన రైఫిల్ అయితే మూతి దగ్గర టార్చి వేసి చూడండి. "పాతదే కదా, బ్యారెల్ మార్పిద్దాం" అనే మాట మాత్రం వద్దు. రైఫిల్‌ను గట్టిగా బిగించి పది మీటర్ల నుంచి మంచి పెల్లెట్లతో పది గుళ్ళు కొడితే రంధ్రాలన్నీ కలిపి అంచు నుంచి అంచుకు ఏడు మిల్లీమీటర్లలోపు ఉంటే బ్యారెల్ భేషుగ్గా ఉన్నట్టే. గుండే నాలుగున్నర మిల్లీమీటర్లు అని గుర్తుపెట్టుకోండి. ఏడు దాటితే వెంటనే బ్యారెల్‌ను తిట్టకుండా పెల్లెట్లు మార్చి చూడండి. తల కొలత 4.49, 4.50 అని డబ్బాల మీద ఉంటుంది, ఆ వందో వంతు మిల్లీమీటరు కొన్ని బ్యారెళ్ళకు తెలుస్తుంది.

వెనక సైట్, అంటే డయాప్టర్, విడిగా కొనదగ్గ భాగం. ఒక రైఫిల్ నుంచి ఇంకోదానికి మారుతుంది, అమ్మితే ధర వస్తుంది. పాతది కొనేటప్పుడు చూడాల్సింది దాని మరల్లో ఆట, అంటే వదులు, ఉందా అని. తెలుసుకోవడం సులువు. ఒక గుండు కొట్టండి. కుడికి ఇరవై క్లిక్కులు, ఒక గుండు. పైకి ఇరవై, ఒక గుండు. ఎడమకు ఇరవై, ఒక గుండు. కిందకి ఇరవై, ఇప్పుడు పడే గుండు మొదటి రంధ్రంలోనే పడాలి. పడకపోతే లోపలి మర అరిగింది. పది మీటర్ల టార్గెట్‌లో పది అనే చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. క్వాలిఫికేషన్‌లోనూ దశాంశాల్లో లెక్కిస్తున్నప్పుడు, 60 గుళ్ళకు 654 గరిష్ఠం అయినప్పుడు, క్లిక్ తిప్పితే కదలని సైట్ మనకు తెలియకుండానే దశాంశాలు తినేస్తుంది. ముందు సైట్‌కి ఇంత పట్టింపు అక్కర్లేదు, లోపలి రింగుల సైజులు కొన్ని ఉంటే చాలు.

ట్రిగ్గర్ గురించి ఒక్క మాటే. యాక్షన్‌తో వచ్చినదాన్ని అలాగే ఉంచండి. రైఫిల్‌లో ట్రిగ్గర్ బరువుకు కనీస హద్దు లేదు, ఎయిర్ పిస్టల్‌కైతే 500 గ్రాములు ఉండాలి. ఆ స్వేచ్ఛ చూసి యూట్యూబ్ పెట్టుకుని లోపలి అంచులు నూరేవాళ్ళున్నారు. ముట్టుకోకుండా పేలే రైఫిల్ రేంజ్‌లో అందరికీ ప్రమాదం.

ఇప్పుడు సంతోషంగా రాయగలిగిన భాగానికి వచ్చాను: ఒంటికి తగిలేవి. ఇక్కడ మన ఊళ్ళు ఏ జర్మనీకీ తీసిపోవు. బట్ ప్లేట్ జరిపే కడ్డీలు, సైట్ కింద పెట్టే దిమ్మలు, బరువులు, చేతి కింద పెట్టే పామ్ రెస్ట్, ఇవన్నీ అల్యూమినియం ముక్కలూ మరలూ మాత్రమే. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్, వీటిలో ఎక్కడైనా చేస్తారు. ఒక షరతు: కొలతలతో బొమ్మ గీసి ఇవ్వాలి. "అన్నా, ఇలాంటిదే కొంచెం పొడుగ్గా" అంటే ఆయన కొంచెం వేరు, మన కొంచెం వేరు. అసలు ముక్క దగ్గర పెట్టి, మార్చాల్సిన కొలత ఒక్కదాన్ని ఎర్ర సిరాతో రాసివ్వండి. మరల సైజు కూడా చెక్ చేయించండి. జర్మన్ రైఫిళ్ళన్నీ మిల్లీమీటర్ల మరలే, మన దగ్గర పాత లేత్‌ల మీద అంగుళాల మర కోసి ఇచ్చిన సందర్భం నాకు ఎదురైంది. రెండు చుట్లు ఎక్కి అక్కడే ఇరుక్కుంది.

గ్రిప్‌కి వడ్రంగి కన్నా ఎం-సీల్ నయం. నవ్వకండి. పాత చెక్క గ్రిప్ మీద పల్చగా పూసి, పిల్లవాడి చెయ్యి సరిగ్గా పట్టే చోట ఒత్తించి, గట్టిపడ్డాక గరుకు కాగితంతో రుద్దితే వాడి చేతికి వాడి గ్రిప్ తయారు. ఏడాదికి చెయ్యి పెరుగుతుంది, మళ్ళీ రుద్ది మళ్ళీ పూయొచ్చు. చీక్ పీస్ కూడా అంతే, టేకు చెక్కతో మా దగ్గర ఒక వడ్రంగి చేసిచ్చినది ఆరేళ్ళుగా ముగ్గురు పిల్లల బుగ్గలు మోసింది.

స్టాక్ మొత్తం మార్చాలనుకుంటే మాత్రం ఆగండి. నా మొదటి ప్రయోగం ఇదే, గట్టెక్కిందని చెప్పింది దీని గురించే, అదీ చచ్చీ చెడీ. ఒక మోడల్ అల్యూమినియం స్టాక్, ఇంకో మోడల్ యాక్షన్. ఫోటోలో ఒకేలా కనిపించాయి. తెచ్చి పెడితే రెండు మరల మధ్య దూరం దాదాపు రెండు మిల్లీమీటర్లు తేడా. రంధ్రాన్ని కోలగా సాగదీయించాం. బిగుసుకుంది కానీ యాక్షన్ కింద సమంగా ఆనలేదు, మర ఎంత బిగిస్తే గుండు అంత ఎడమకు జరిగేది. చివరికి ఆనే చోట పల్చటి ఎపాక్సీ పోసి, టార్క్ రెంచ్‌తో ప్రతిసారీ ఒకే బిగింపు ఇచ్చి దారికి తెచ్చాం. రెండు నెలలు పట్టింది. స్టాక్ విడిగా కొనాలంటే అదే కంపెనీ, అదే సిరీస్, కొనేముందు మరల మధ్య దూరం వెర్నియర్‌తో కొలిపించి ఆ ఫోటో తెప్పించుకోండి. స్టాక్ పగిలిందన్న ఒక్క కారణంతో చవకగా వస్తున్న రైఫిల్ అయితే, పగులు మర దగ్గరా లేక వెనక తోక దగ్గరా చూడండి. తోక దగ్గరైతే జిగురూ రెండు డోవెల్ పుల్లలూ చాలు, అది నిజమైన బేరం.

ఏది మార్చినా నియమాల కొలతలు దాటకుండా చూసుకోండి. సైట్లతో కలిపి మొత్తం బరువు 5.5 కిలోలు మించకూడదు, రైఫిల్ గాలి వ్యవస్థ పొడవు 850 మిల్లీమీటర్లు మించకూడదు. బట్ ప్లేట్ వంపుకు, చీక్ పీస్ పక్కకు జరగడానికి కూడా హద్దులున్నాయి, నియమ పుస్తకంలో బొమ్మతో సహా ఉంటాయి. లోకల్‌గా చేయించిన ఇనుప బరువులు తగిలించుకుంటూ పోయి తనిఖీ బల్ల దగ్గర 5.6 తూగి, అక్కడికక్కడ స్పానర్ కోసం పరిగెత్తినవాళ్ళను చూశాను. పన్నెండేళ్ళ పిల్లలకైతే అసలు అంత బరువే వద్దు. నాలుగు కిలోల దగ్గర ఉన్న జూనియర్ రైఫిల్ దొరికితే దాన్నే తీసుకోండి.

సిలిండర్ గొడవే వద్దనుకునే వాళ్ళకు ఒక దారి ఉంది, దీన్ని ఎందుకో అందరూ మర్చిపోతున్నారు. సిలిండర్ రైఫిళ్ళు రేంజ్‌లను ఆక్రమించడానికి ముందు, పక్కనున్న లీవర్‌ను ఒక్కసారి లాగితే ఆ ఒక్క గుండుకు సరిపడా గాలి నొక్కుకునే రైఫిళ్ళు పెద్ద పెద్ద పోటీలు గెలిచాయి. ఫైన్‌వెర్క్‌బావ్ 600 వరస, ఆన్‌షుట్జ్ 2002 అలాంటివి. వీటికి గడువు తేదీ లేదు, గాలి నింపే బాధ లేదు, స్కూబా ట్యాంకు అక్కర్లేదు. లోపల సీళ్ళు ఎండిపోతే కిట్ వేయించాలి, అంతే. గుండు గుండుకీ లీవర్ లాగాలి కాబట్టి నిలుచున్న భంగిమ కదులుతుంది, చిన్న పిల్లలకు బలం చాలదు. కానీ పదిహేనేళ్ళు దాటి, చేతిలో డబ్బు తక్కువుండి, రాష్ట్ర స్థాయి వరకూ ఆడి చూద్దాం అనుకునే పిల్లకు ఇంతకన్నా నిజాయితీ ఉన్న రైఫిల్ నాకు తెలియదు. ఇంకా పాత స్ప్రింగు పిస్టన్ రకాలు, ఫైన్‌వెర్క్‌బావ్ 300 లాంటివి కూడా దొరుకుతాయి. వాటిలో పిస్టన్ దగ్గరి బఫర్, సీళ్ళు ఏళ్ళు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలతాయి. ఆ కిట్ దొరుకుతుందని తేలాకే డబ్బివ్వండి.

కొత్తదే కొనాల్సింది ఎవరు? వారానికి అయిదారు రోజులు శిక్షణ తీసుకుంటూ, జాతీయ ట్రయల్స్ దాకా వచ్చి, తన పాత రైఫిల్‌లో ఏది అడ్డుపడుతోందో తన నోటితో చెప్పగలిగిన షూటర్. "ఏదో తేడాగా ఉంది" అనే దశలో కొత్త రైఫిల్ కొనడం డబ్బు దండగ. ఆ దశలో మంచి జాకెట్, ట్రౌజర్ కొంటే స్కోరు ఎక్కువ పెరుగుతుంది. రైఫిల్ కోసం దాచిన దాంట్లో కొంత వాటికి తియ్యమని కోచ్‌లందరూ చెప్పేదే నేనూ చెప్తున్నాను.

ఏ దారిలో వెళ్ళినా ఒక చిన్న డబ్బా మాత్రం విడి భాగాలతో నింపి పెట్టుకోండి. టోక్యో ఒలింపిక్స్ పది మీటర్ల పిస్టల్‌లో మనూ భాకర్ పిస్టల్ కాకింగ్ లీవర్ (పేలడానికి సిద్ధం చేసే లీవర్) పోటీ మధ్యలో విరిగింది. బాగు చేయించుకుని వచ్చేసరికి చాలా సమయం పోయింది. 575 కొట్టి పన్నెండో స్థానంలో ఆగిపోయింది, ఎనిమిది మంది ఫైనల్ అందలేదు. ఒలింపిక్ స్థాయిలోనే లోహపు ముక్క అలా విరిగితే, పాత రైఫిల్ పట్టుకున్న మన పిల్లల సంగతి ఏం చెప్పాలి. మా డబ్బాలో ఉండేవి: సిలిండర్ మూతి ఓ-రింగులు నాలుగు, అడాప్టర్‌వి రెండు, స్టాక్ మరలు రెండు, సైట్ బిగించే మర ఒకటి, ఆ రైఫిల్‌కి పట్టే అలెన్ కీలన్నీ, సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబు. వీటన్నిటికీ కలిపి అయ్యేది ఒక డబ్బా పెల్లెట్ల ఖర్చుకు అటూ ఇటూ. రెండో సిలిండర్ కొనగలిగితే కొనండి. ఒకసారి నింపితే 200 పైచిలుకు గుళ్ళు వస్తాయి, పోటీకి ఒకటి చాలు, కానీ వాల్వ్ కారిన రోజు రెండోది ఉంటే ఆట ఆగదు. గాలి నింపేటప్పుడు తేమలేని గాలి నింపండి. ఫిల్టర్ లేని చవక పంపుతో వచ్చే తేమ లోపలి రెగ్యులేటర్‌ను ఏడాదిలో పాడుచేస్తుంది, అప్పుడు మనం ఈ వ్యాసం మొదటికి వచ్చేస్తాం.

బేరం చూడటానికి వెళ్ళేటప్పుడు రేంజ్‌లో సీనియర్ ఎవరినైనా వెంట తీసుకెళ్ళండి. అమ్మేవాళ్ళది దూరపు ఊరైతే డబ్బు పంపకముందే మూడు ఫోటోలు అడగండి: సిలిండర్ మీద తేదీ, యాక్షన్ మీద సీరియల్ నంబరు, నిన్న కొట్టిన పది గుళ్ళ కాగితం పక్కన స్కేలు పెట్టి. మూడోది పంపడానికి "రేపు, ఎల్లుండి" అంటుంటే ఆ రైఫిల్ మీది కాదనుకుని ఇంకోటి వెతకండి.